వడమాలపేట మేడల మీద రెండు దారుల పరీక్ష

కంప్యూటర్లో ఎన్ని గ్రాఫులు గీసి చూపించినా మా గైడు సారు కరగలేదు. "నిజం మేడల మీద తేడా చూపించు, లేకపోతే సంతకం పెట్టను" అన్నారు. గడువు ఇంకా రెండు రోజులే. వడమాలపేటలో ఐదు మేడల మీద నేను పెట్టిన వైర్‌లెస్ డబ్బాలు కబుర్లను ఒకదాని నుంచి ఒకటి అందుకుని ఊరి ఆ చివరికి చేరవేస్తాయి. దారి తేల్చే ప్రోటోకాల్స్ రెండింటిని పోల్చడం నా ఎంటెక్ ప్రాజెక్టు. ఒకటి తక్కువ మజిలీల దారి పడుతుంది. రెండోది చుట్టైనా సరే, సిగ్నల్ బాగున్న దారి చూసుకుంటుంది. పోయిన వారం రెండూ ఒకే ఫలితమిచ్చి నా కొంప ముంచాయి.

మర్నాడు పొద్దున తిరుపతిలో ఏడింటికి పుత్తూరు బస్సెక్కాను. రేణిగుంట మీదుగా గంట లోపే వడమాలపేట చేరుస్తుంది. నా చేతిలో యాంటెనా చూసి కండక్టరు, "ఏందప్పా అది, టీవీకా?" అన్నాడు.

"కాదన్నా, పరీక్షకు."

"పరీక్షకు పెన్ను తీసకపోతారు గానీ కడ్డీ ఏందప్పా!"

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఊరి ఈ చివర మేడ మీద ల్యాప్‌టాప్ తెరిచాను. మొదటి ప్రోటోకాల్ ఊరి నడుమనున్న మంగమ్మక్క మేడ ఒక్కటే మజిలీగా కబుర్లు పంపింది. సగం చేరనే లేదు. రెండోది అంగడి, రైసుమిల్లు మేడల మీదుగా తిరిగి అన్నీ చేర్చింది. తేడా దొరికింది కానీ అదొక్కటే చాలదు. కారణం చెప్పకపోతే సారు డబ్బా చెడిపోయిందంటారు. పదకొండింటికి కరెంటు కోత, ఆ లోపే తేల్చాలి. మంగమ్మక్క ఇంటికి పరుగెత్తాను.

మేడ ఎక్కి చూస్తే, యాంటెనాకు సరిగ్గా ఎదురుగా, పసుపు కుంకుమలు పెట్టిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. కాయ నిండా నీళ్లే. ఈ తరంగాలకు నీళ్లంటే గోడే.

"ఎవురు కట్టినారక్కా?"

"నేనే నాయనా, దిష్టికి. తీసేసేదా?"

"ఆడనే ఉండనీ! నేను టవలు ఊపితే తియ్యి, మళ్లా ఊపితే కట్టు."

వెనక్కి ఉరికాను. కాయ తీస్తే రెండూ సమానం, కడితే తేడా. రెండోసారి కూడా అదే వచ్చింది. ఫలితాలు దాచుకున్నానో లేదో, కరెంటు పోయింది.

మర్నాడు సారు సంతకం పెట్టారు. అయినా నాకు మిగిలింది ఆ రోజు మంగమ్మక్క అన్న మాట. "డబ్బాకు దిష్టేందక్కా?" అని అడిగితే, "డబ్బాకెవురు కట్టినారు? నీకు కట్టినాను. పోయినవారం మొగమంతా పీక్కపోయి తిరగతా ఉంటివే" అంది. తేడా చూపించమన్నవాళ్లే గానీ, ఆ నెలంతా నా మొహం చూసినవాళ్లు లేరు. ఏడుపొచ్చింది. మీరూ పల్లెల్లో యాంటెనాలు పెట్టబోతుంటే, పరీక్షకు ముందు ప్రతి మేడా ఎక్కి చూడండి. దిష్టికాయ కనిపిస్తే, ఎవరి కోసం కట్టారో అడిగాకే విప్పండి.