కొయ్యను వదలని ఎడమచేయి

మా పిన్ని పోయిందన్న వార్త మధ్యాహ్నం భోజనాల వేళ ఫోనులో వచ్చింది. "ఒరే బాబూ, మీ పిన్ని నేదురా," అన్నాడు చిన్నాన్న. నేను అడిగిన మొదటి ప్రశ్న: "ఏ రేవులో?" ఆవిడ గురించి అలాంటి కబురు వస్తే అది నీళ్ళ మీదనుంచే వస్తుందని మా వంశం యావత్తూ కొన్నేళ్ళుగా సిద్ధపడి ఉంది. "రేవేటిరా, సోడవరంలోనే. మన ఇంట్లోనే. మంచం మీద," అన్నాడాయన.

భూమండలం మీద పూర్తిగా సురక్షితమని పిన్ని ధ్రువీకరించిన స్థలం ఒక్కటే ఉండేది. అది చోడవరంలో వాళ్ళ ఇంటి నడవాలోని నవారు మంచం. అన్నం తిని దాని మీద ఒరిగింది, మరి లేవలేదు. గుండె ఆగిందన్నారు. నేను వెళ్ళేసరికి ఎడమచేయి మంచం పట్టెను పట్టుకునే ఉంది. ఆ వేళ్ళను విడదీయడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి చిన్నాన్నే కూర్చుని, "ఇక్కడ అలల్లేవే, ఒదిలీ," అంటూ ఒక్కొక్క వేలే విడిపించాడు.

ఈ దంపతుల గురించి తెలియని పాఠకులకు కొంత వివరణ అవసరం. చిన్నాన్న చెరకు రైతు. వయసు మీద పడ్డాక పొలం కౌలుకిచ్చి, విశాఖపట్నంలో నేవీ నుంచి రిటైరైన ఒక పెద్దమనిషి వదిలించుకోదలచిన పాత తెరచాప పడవను తీసుకున్నాడు. దాన్ని నడపడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. చెరకు రైతుకు పడవెందుకని బంధువులు సభ తీర్చి అడిగారు. "బతుకంతా గాలికి పడిపోయే చేనునే సూసేను. గాలికి ముందుకెల్లేది ఒకటి సూడాలనుంది," అని ఆయన సమాధానమిచ్చాడు. సభ సంతృప్తి చెందలేదు.

పిన్నిది చీడికాడ దగ్గర కొండవార ఊరు. అక్కడ నీళ్ళంటే బావిలోవి, లేదా ఆకాశంలోవి. ఆవిడ పడవ ఎక్కదని అందరమూ నమ్మాం. ఎక్కింది. కారణం నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఆయన్ని ఒక్కణ్ణీ పంపీసి ఇంట్లో బయపడీకన్నా, పక్కన కూకుని బయపడ్డం నయం కాదేట్రా?"

తుపాన్ల కాలం దాటాక మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా వాళ్ళ కాపురం ఆ పడవలోనే. ఒడ్డు కనిపించేటంత దూరంలోనే ఉంటూ ఒకసారి భీమిలి వైపు, ఒకసారి పూడిమడక దాటి కాకినాడ వైపు వెళ్ళి వస్తుండేవారు. అందులో ఇద్దరు పడుకోవడానికి గది ఉంది. మూడో మనిషి నిలబడగలడా అన్నది వివాదాంశం. పాలన మాత్రం స్పష్టంగా విభజించబడి ఉండేది. గాలి, తెరచాప, చుక్కాని చిన్నాన్న శాఖలు. భయం పూర్తిగా పిన్ని శాఖ. ఒకరి శాఖలో మరొకరు వేలు పెట్టేవారు కారు. "సముద్రం ఏం సేస్తదే?" అని ఆయన రోజూ అడిగేవాడు. ఏమేం చేయగలదో ఆవిడ రోజూ చెప్పేది.

ఆ శాఖ పని తెల్లవారుతూనే మొదలయ్యేది. టీ పెట్టకముందే గుప్పెడు బియ్యం నీళ్ళలో విడిచి, "గంగమ్మ తల్లీ, నీ ఇంటికి సుట్టాలమొచ్చేం. సాయంత్రానికి పంపించీ," అని విన్నవించేది. తర్వాత పడవ గోడకు చెవి ఆనించి వినేది. అడుగు పలకలను అరచేత్తో తడిమి, చెమ్మ అంటితే నాలుకతో ఉప్పు చూసేది. దూరాన పెద్ద ఓడ కనబడితే, వాళ్ళు మనల్ని చూడరేమోనని పెట్టెలోంచి తన ఎర్రచీర తీసి తాడు మీద ఆరేసేది. ఓడలు ఆ చీర చూసి దారి మార్చుకున్నాయని నేను హామీ ఇవ్వలేను. గుద్దలేదన్నది మాత్రం వాస్తవం.

ఇవన్నీ ఆవిడ కుడిచేత్తోనే చేసేది. తెరచాప కొయ్య గది మధ్యగుండా పడవ అడుగుదాకా దిగుతుంది. పిన్ని ఎడమచేయి ఆ కొయ్య మీద ఉండేది. వంట, గిన్నెలు, మందుబిళ్ళలు, నిద్ర, అన్నీ అలాగే. ఉల్లిపాయను మోకాలి కింద అదిమిపెట్టి తరిగేది. ఏదైనా అందించమంటే, "నాకు సెయ్యి ఖాళీ నేదు," అనేది. తెల్లరంగు వేసిన ఆ కొయ్యకు ఆవిడ చేయి తగిలేచోట రంగు పోయి, లోపలి చెక్క నున్నబడింది.

జడ ఒక్కటే ఒంటిచేత్తో సాధ్యపడని పని. అది చిన్నాన్న వేసేవాడు. మా ప్రాంతంలో ఈదురుగాలికి చెరకు పడిపోకుండా గెడలను దగ్గరకు చేర్చి, వాటి ఎండుటాకుతోనే గట్టిగా చుట్టి కడతారు. దాన్ని జడచుట్టు అంటారు. ఆ పనిలో ఆరితేరిన చేతులవి. "మెల్లిగయ్యా, నానేటి చెరుకునా?" అని ఆవిడ, "కదలకే, ఒదులైపోతంది," అని ఆయన.

ఒకసారి బెల్లం అచ్చు పట్టుకుని వాళ్ళను చూడటానికి భీమిలి వెళ్ళాను. ఆవేళే, రాకూడని కాలంలో, వాయుగుండం అన్నారు. జాలర్లు పడవలను ఇసుక మీదికి ఈడ్చుకుంటున్నారు. చిన్నాన్న మాత్రం తనకు తెలిసిన విద్య ప్రయోగించాడు. ఒక పక్క జెట్టీ స్తంభాలకు, మరో పక్క ఆగిపోయి ఉన్న పెద్ద బోటుకు, అడుగు సందు లేకుండా పడవను బిగించి కట్టేశాడు. నాలుగు వైపులా ముడి మీద ముడి. చెరకుచేనుకు కట్టాల్సిన కట్టు సముద్రానికి కట్టాడు.

"తాడు ఒదులుంచండయ్యా, ఒదులుంచండి," అని పిన్ని పొద్దున్నుంచీ అంటూనే ఉంది.

"ఒదులుంటే గాలి ఇరిసేస్తది. నలభయ్యేళ్ళు కట్టేన్నేను."

"చేనుకి మట్టిలో ఏరుంటది. దీనికేటుంది?"

సాయంత్రానికి పోటు తీసి నీళ్ళు దిగడం మొదలైంది. పడవ దిగలేదు. జెట్టీ వైపు బిగించిన తాడుకు వేలాడింది. ముందు ఒక గ్లాసు జారింది, తర్వాత బెల్లం అచ్చు, తర్వాత నేను. కొక్కేలకు వేలాడే స్టవ్ మీద ఉప్మా గిన్నె ఒక్కటే జారలేదు. గాలి ఈలవేస్తోంది. నేల గోడవైపు ఒరిగిపోయింది. పలకల్లోంచి ఎముక విరుగుతున్నట్టు ఒక చప్పుడు రాసాగింది. చిన్నాన్న పైన ముడి విప్పబోతున్నాడు. బరువుకు బిగిసిన ముడి గోటికి కూడా లొంగడం లేదు. ఆయన పళ్ళతో కూడా లాగి చూశాడు. ఇది నా చివరి సందర్శన అని నాలో నేనే నిర్ధారించుకున్నాను.

పిన్ని తలగడ కిందనుంచి చెరకు నరికే కత్తి తీసింది. ఎందుకు పెట్టుకుందో అంతవరకు ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కి పైకి వెళ్ళింది. పైన కూడా కొయ్య ఉంది, ముందు చేయి దాన్నే పట్టుకుంది. కాని ఆ కొయ్యనుంచి తాడు అందదు. ఒక్క క్షణం ఆగింది. పెదవులు కదిలాయి, ఏమందో గాలి వినిపించనివ్వలేదు. తర్వాత కొయ్యను వదిలేసింది. వాలిన పలకల మీద మోకాళ్ళతో పాకుతూ వెళ్ళి, ఎడమచేత్తో తాడును చెరకుగెడను పట్టినట్టు పట్టి, కుడిచేత్తో దాని మొదలు మీద కత్తి వేసింది. ఒక్క వేటు. తర్వాత రెండోది. తాడు తెగి, పడవ దభీమని నీళ్ళ మీదికి పడి, అటూ ఇటూ ఊగి, చదునుగా నిలిచింది. మిగిలిన తాళ్ళను చిన్నాన్న వదులు చేశాడు.

ఆవిడ పాకుతూనే వెనక్కి వచ్చి, కొయ్య పట్టుకుని, కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరవకుండానే, "ఉప్మా మాడిపోతంది. స్టవ్ కట్టెయ్యండి. నాకు సెయ్యి ఖాళీ నేదు," అంది. ఆ సంఘటనపై అధికారికంగా అంతకుమించి చర్చ జరగలేదు. మర్నాటినుంచి జడ మాత్రం కొంచెం వదులుగా ఉండేది.

పెద్దకర్మ అయిన మర్నాడు చిన్నాన్న, "పడవకాడికి ఎల్తాను," అన్నాడు. ఇంట్లో ఉన్నవాళ్ళందరి ముఖాలూ ఒకేలా మారాయి. ఆయనకు భయం లేదు. ఆ శాఖ చూసుకునే మనిషి ఇక లేదు. ఒంటరిగా తెరచాప ఎత్తేస్తాడని, తిరిగి రావాలని కూడా అనుకోడని, ఎవరూ పైకి అనలేదు. నన్ను వెంట వెళ్ళమని ఏకగ్రీవంగా తీర్మానించారు. బస్సులో ఆయన కిటికీ బయటికే చూశాడు. నేను ఆయన చేతులకేసి చూశాను.

విశాఖపట్నంలో జెట్టీ మీదికి వెళ్ళేసరికి మంచి గాలి వీస్తోంది, తెరచాపకు అనుకూలమైన గాలి. ఆయన దాన్ని ముఖంతో చూసుకున్నాడు. పడవలోకి దిగాడు. ఎప్పుడూ మొదట తెరచాప గుడ్డ ముడులు విప్పేవాడు. ఆవేళ దాన్ని దాటుకుని గదిలోకి వెళ్ళాడు. డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు బియ్యం తెచ్చి నీళ్ళలో విడిచాడు. పెదవులు కదిలాయి. మళ్ళీ దిగి, పడవ గోడకు చెవి ఆనించాడు.

నేను జెట్టీ మీదే నిలబడి ఉన్నాను. తలుపులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. కొయ్య మీద రంగు పోయిన చోటు ఆయనకు బాగా కిందికి ఉంటుంది. నడుము వంచి, ఎడమచేత్తో అక్కడే పట్టుకున్నాడు. పక్కనుంచి ఏదో మరబోటు వెళ్ళింది. దాని అల వచ్చి తగిలి, పడవ ఊగింది. ఆయన భుజాలు బిగుసుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

"బాబూ," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "నీళ్ళు దిగతన్నాయి. తాడు కొంచెం ఒదులు సెయ్యి."

"నువ్వు రా, చిన్నాన్నా."

"నాకు సెయ్యి ఖాళీ నేదురా."

తాడు వదులు చేశాను. పడవ జెట్టీనుంచి కొద్దిగా దూరం జరిగి, ఆగి, మళ్ళీ దగ్గరకు వచ్చింది. ఆయన అలాగే వంగి ఉన్నాడు.