అక్క తెచ్చిన రెండు సీసాలు

అక్క పోయిందని పోయిన నెల ఒక బుధవారం ఫోన్ వచ్చింది. మీతో అబద్ధమెందుకు, ముందు నాకు కన్నీళ్లు రాలేదు. ఇక నన్నెవరూ ఆమెతో పోల్చరు కదా అనిపించింది. ఆ తర్వాతే ఏడ్చాను.

ఆమె నా తోడబుట్టింది కాదు. ఖమ్మంలో ఒకే సారు దగ్గర ఇద్దరం పరిశోధన చేశాం. మనం మింగిన మందు గోలీల్లో కొంత ఒంట్లోంచి మురుగులోకి, మురుగులోంచి వాగులోకి పోతుంది. ఆ నీళ్లను అల్ట్రాసౌండ్ తొట్టిలో పెట్టి, పెరాక్సైడ్ కలిపి, మందును విరగ్గొట్టడం మా పని. తొట్టి కీచుమని మోగుతుంటే ఆమె చెవుల్లో దూది పెట్టుకుని గంటల తరబడి నిలబడేది. నేను అరగంటకే టీకి పోయేవాణ్ని.

"గోలీ మింగేది ఎవరో, నీళ్లు తాగేది మేము" అనేది. ఆమెది ఏన్కూరు దాటాక అడవి అంచున పల్లె. అంత గట్టి కారణం నాకు లేదని కూడా కుళ్లుకున్నాను. వేసవిలో తునికిపండ్లు తెచ్చి ముందు నా బల్ల మీదే పెట్టేది. తిన్నాను, కుళ్లు మాత్రం పోలేదు.

సారు ఆమె లెక్కలు ఒక్కసారి చూసేవాడు, నావి మూడుసార్లు. అందుకే పరీక్షకు పంపిన నా సీసాల్లో మందు దాదాపు మాయమైందని రిపోర్టు వచ్చినప్పుడు నా కాళ్లు నేలమీద ఆనలేదు. అక్క సీసాల్లో సగమే పోయింది. సెమినార్‌లో నన్నే మాట్లాడమన్నాడు సారు.

మర్నాడు అక్క వచ్చింది. "తమ్ముడూ, తొట్టిల నుంచి తీసినంక మిగిలిన పెరాక్సైడ్‌ను చంపినవా?"

చంపలేదు, అంటే దాని పని ఆపే రసాయనం కలపలేదు. "నీకు కుళ్లు అక్కా" అన్నాను.

"అవ్, కుళ్లే అనుకో. ఈ రెండు సీసాలు పట్టుకపోయి పరీక్ష చేపియ్యి."

రెండింటిలోనూ తొట్టి నుంచి ఒకేసారి తీసిన నీళ్లే. ఒకదానిలో మాత్రం పెరాక్సైడ్‌ను చంపింది. పరీక్ష చేసే మిషన్ హైదరాబాద్‌లో ఉంది, సీసాలు బస్సులో పోవాలి. తీసుకుపోయాను. ఆమె చంపిన సీసాలో సగం మందు అలాగే ఉంది, రెండో దాంట్లో లేదు. దారి పొడవునా పెరాక్సైడ్ పని చేస్తూనే ఉంది. నేను తొట్టి గొప్పతనం అనుకున్నది బస్సు ప్రయాణం.

సెమినార్‌లో ఆ సంగతి చెప్పాను, నేనే పసిగట్టినట్టు చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో అక్క కూడా కొట్టింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఒక్కసారి నిలదీసి ఉంటే నా కుళ్లు తగ్గేదేమో.

దినం రోజు వాళ్ల పల్లెకు వెళ్లాను. వాళ్లమ్మ ముందు కూర్చుని, "అమ్మా, గప్పుడు తప్పు కనిపెట్టింది నేను గాదు, అక్క. పేరు నేను కొట్టేసిన" అన్నాను.

"ఎవరు కనిపెడితేంది బిడ్డా. నీళ్లు మంచిగయినయా?"

"ఇంకా కాలేదమ్మా."

"మంచం పట్టినంక దాన్ని గిదే అడిగిన. తమ్ముడున్నడు గదా, వాడు చేస్తడు అన్నది."

ఆమె లేచి, పాత చీర గుడ్డను నాలుగు మడతలు వేసి బిందె మూతి మీద పరిచింది. వాగు నుంచి తెచ్చిన నీళ్లు మెల్లగా పోసింది. ఇసుక గుడ్డ మీద ఆగింది. నీళ్లు తేటగా దిగాయి, కంటికి కనపడని మందుతో సహా.