అత్తమ్మ సుద్దముక్కతో ఎయిర్‌పోర్టు దాటిన వైనం

ఇప్పుడంటే బొంబాయిలో మా చాల్‌లో ఖోలీకొకరు, అంటే గదికొకరు, చొప్పున విమానం ఎక్కినవాళ్ళున్నారు గానీ, నాకు మీసాలు కొత్తగా మొలిచిన ఆ కాలంలో కామాటిపుర పన్నెండో గల్లీ మొత్తానికి విమానాల సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసినవాణ్ణంటే, తెలుసునని చెప్పుకునేవాణ్ణి. నాగ్‌పాడాలో ఒక పార్సిల్ ఆఫీసులో పని నాది. వారానికి రెండుసార్లు మూటలు టెంపోలో వేసుకుని ఎయిర్‌పోర్టు సరుకుల గేటు దాకా వెళ్ళడం, చీటీ మీద ముద్ర వేయించుకుని తిరిగి రావడం. అంటే ఎయిర్‌పోర్టులో నేను చూసిందల్లా దాని గోడ. (మంచి గోడే. ఎత్తుగా ఉండేది. పైన ముళ్ళతీగ కూడా ఉండేది.) ఆ గోడకు అవతల ఏముంటుందో తీరిగ్గా ఊహించుకోవడానికి టెంపోలో రెండు గంటల తిరుగు ప్రయాణం ఉండనే ఉంది. సాయంత్రం చాల్ మెట్ల మీద కూర్చుని ఆ ఊహలన్నీ కళ్ళతో చూసినట్టు చెప్పేవాణ్ణి.

ముఖ్యంగా విమానం దిగాక ఏం జరుగుతుందన్నది నా అభిమాన విషయం. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, దిగడమే అసలు విద్య అనేవాణ్ణి. తలుపు తెరవగానే నేల కనబడదు, సొరంగం కనబడుతుంది. సొరంగం దాటితే నడిచే నేల వస్తుంది, దాని మీద మనం నిలబడితే చాలు, అదే మనల్ని మోసుకుపోతుంది. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోవాలి, లేకపోతే నేల మింగేస్తుంది. ఆ తర్వాత బొంబాయి సెంట్రల్ నుంచి దాదర్ దాకా ఉన్నంత దూరం నడక. ఒక సేఠ్ దారి తప్పి మూడు రోజులు లోపలే తిరిగాడని, నాలుగో రోజు తుడిచేవాళ్ళకు దొరికాడని కూడా చెప్పాను. సేఠ్ గురించి చెప్పినప్పుడు మా అత్తమ్మ, అంటే మా నాయన అక్క, బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపి మరీ వింది.

వినకుండా ఎదురు మాట్లాడేవాడు మా పక్క ఖోలీలో ఉండే మేస్త్రీ కాకా ఒక్కడే. ఆయన మెట్ల పై వరసలో కూర్చుని బీడీ కాలుస్తూ, “అరే, గింత చూసినోనివి, ఒక్కపారన్న ఎక్కినవారా?” అనేవాడు. ఎక్కలేదనడం మానేసి నేను ఇంకో సొరంగం తవ్వేవాణ్ణి.

ఇలా ఉండగా అత్తమ్మ కొడుక్కి, అంటే మా బావకి, కూతురు పుట్టింది. బావ దూరాన ఒక చిన్న ఊళ్ళో వంతెన కట్టే పనిలో ఉన్నాడు. తొట్టెల పండగకి తల్లి రావాలి, తల్లి మోకాలు రైల్లో ఇరవై గంటలు కూర్చోనివ్వదు. ఆ ఊరికి కొత్తగా విమానం వేశారట. బావ రెండు టికెట్లు పంపి, “అమ్మతోని ఎవర్నన్న పంపుండ్రి” అని కబురు చేశాడు. చాల్ మొత్తం ఒక్కసారిగా నా వైపు తిరిగింది. విమానాలు తెలిసినవాడు ఉండగా ఇంకొకరెందుకు?

మేస్త్రీ కాకా బీడీ ఆర్పి లేచాడు. “మంచిగైంది. వదినె చూసొచ్చి చెప్తది. పోరడు చెప్పినయి నిజమైతే నేను చెవులు పట్టుకుని గుంజీలు తీస్తా. అబద్ధమైతే, ఆ దినం నుంచి వీని పేరు లబాడ్” అన్నాడు. లబాడ్ అంటే మరాఠీలో అబద్ధాలకోరు. మీకు ఇది చిన్న శిక్షగా కనబడవచ్చు, ఎందుకంటే మీరు మా చాల్‌లో ఉండలేదు. అక్కడ పేరు పడితే పోదు. చిన్నప్పుడు ఒకాయన నీళ్ళ డ్రమ్ములో పడ్డాడు. ముసలివాడై పోయేదాకా ఆయన డ్రమ్మే. ఆయన కొడుకు చిన్న డ్రమ్ము. మనవడికి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా గల్లీ మొదట్లో నిలబడి “డ్రమ్ము ఇల్లెక్కడ?” అనే అడిగారు. నాకింకా పెళ్ళి కాలేదు. పుట్టబోయే నా పిల్లలు చిన్న లబాడ్, పెద్ద లబాడ్ అని బడిలో పలకడం నా కళ్ళకు కట్టింది.

అత్తమ్మ మాత్రం ప్రయాణానికి తన పద్ధతిలో తయారైంది. మూడు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు కాల్చింది, పల్లీల పొడి కట్టింది. (“సేఠు ఉపాసం ఉండె గావచ్చు, మనమెందుకుండాలె?”) ఇంకా ఒక సుద్దముక్క కొంగున ముడేసుకుంది. అదెందుకో అప్పుడు నాకు తట్టలేదు. అత్తమ్మ పాలమూరు నుంచి పెళ్ళై వచ్చిన నెలలోనే తట్ట ఎత్తిన మనిషి. బొంబాయిలో సగం ఎత్తు మేడలకు ఇటుక మోసింది. గోడలు ఇంకా కట్టని మేడలో అన్ని అంతస్తులూ ఒకేలా ఉంటాయి, ఏ మెట్లు ఎటు దిగుతాయో తెలియదు. అందుకని పనివాళ్ళు మలుపు మలుపుకీ సుద్దతో బాణం గుర్తు గీసుకుంటూ ఎక్కుతారు, సాయంత్రం ఆ బాణాలు చూసుకుంటూ కింద పడుకోబెట్టిన పిల్లల దగ్గరికి దిగుతారు. దారి తప్పే చోటికి సుద్ద లేకుండా పోవడం అత్తమ్మ లెక్కలో తెలివితక్కువ పని.

బొంబాయిలో ఎక్కేటప్పుడు నా పరువు బాగానే నిలిచింది. ఆ ఎయిర్‌పోర్టు నిజంగానే పెద్దది. ఒక సూటు ఆయన వెనకాలే నడిచి, ఆయన బూట్లు విప్పితే విప్పి, బెల్టు తీస్తే తీసి, ఎలాగో విమానం దాకా చేరాను. (ఆయన బాత్‌రూముకి వెళ్ళినప్పుడు మేమిద్దరం బయట నిలబడ్డాం.) అత్తమ్మ కళ్ళు పెద్దవి చేసి, “నువ్ చెప్పింది నిజమే అల్లుడా” అంది. నేను సీట్లో ఇంకో రెండంగుళాలు పెరిగాను.

విమానం దిగింది. తలుపు తెరిచారు. సొరంగం లేదు. నిచ్చెన లాంటి మెట్లు, మెట్ల కింద ఎండ, ఎండలో సిమెంటు నేల, ఓ అరవై డెబ్భై అడుగుల అవతల పసుపు రంగు వేసిన ఒక భవనం. మా మున్సిపల్ బడి దానికన్నా పెద్దది. భవనం నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. విమానం చప్పుడుకి అది తల కూడా ఎత్తలేదు.

“సొరంగమేది అల్లుడా?”

“ఇయ్యాల మూసిండ్రు అత్తా.”

“నడిచే నేల?”

“రిపేరుకిచ్చిండ్రు.”

అత్తమ్మ నన్నొకసారి, భవనాన్నొకసారి చూసింది. కొంగుముడి విప్పింది. మెట్లు దిగి, మోకాలు పట్టుకుని, మెల్లగా వంగి, నేల మీద నిమ్మళంగా ఒక బాణం గీసింది. పది అడుగులు వేసి ఇంకొకటి. వెనకాల దిగినవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. మూడో బాణం దగ్గర ఈల ఊదుకుంటూ ఒక కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు.

“మాయీ, యే క్యా కర్ రహీ హో?”

“రస్తా యాద్ రహ్నే కో బేటా. వాపస్ ఆనా హై న.” తిరిగి రావాలి కదా, దారి గుర్తుండొద్దా అని అత్తమ్మ.

అతను భవనం వైపు చూశాడు. విమానం వైపు చూశాడు. మధ్యలో ఉన్న జాగా చూశాడు. పాపం, ఈ ముసలావిడకి కళ్ళు కనబడవేమో అనుకుని కాబోలు, చెయ్యి పట్టుకుని, “వో రహా దర్వాజా, మాయీ” అని తలుపు చూపించాడు ఎంతో దయగా. అత్తమ్మ నా వైపు వేలు చూపించి, “ఈ పోరడు చెప్పిండు, మూడు దినాలు తిరుగుతరంట” అంది. నాకు ఆ విమానం మళ్ళీ ఎక్కి ఎటైనా వెళ్ళిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే కంచె అవతలి నుంచి బావ గొంతు ఖంగుమని వినిపించింది. “అమ్మా! ఇగో ఈడున్న! గా కింద ఏం గీస్తున్నవే?”

లోపల సామాన్లు తిరిగే పట్టీ ఉంటుందని, పెట్టె కనబడగానే ఉరికి పట్టుకోవాలని అత్తమ్మకి నేర్పి ఉన్నాను. పట్టీ ఉంది, మంచమంత. కానీ ఆ రోజు అది తిరగలేదు. (నిజంగానే రిపేరు. నా జీవితంలో నేనాడిన అబద్ధాల్లో ఇదొక్కటే సగమైనా ఫలించింది.) ఒకతను మా రేకుపెట్టె చేత్తో ఎత్తుకొచ్చి, “ఆప్ కా హీ హై న?” అని, మీదే కదా అన్నట్టు అందించి వెళ్ళాడు. మా చాల్ నల్లా కింద బిందె నిండేంత సేపట్లో మేం రోడ్డు మీద ఉన్నాం. టాక్సీలు లేవు, ఆటోలు లేవు. బావ తెచ్చిన ఇసుక టెంపో ఉంది. మూడు రోజుల రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని అత్తమ్మ ముందు సీట్లో కూర్చుంది. నేను వెనకాల ఇసుకలో.

తొట్టెల మంచిగా జరిగింది. అత్తమ్మ మనవరాలికి జోలపాడింది, కోడలికి బాలింతల మందు కాయం చేసి పెట్టింది, ఎయిర్‌పోర్టు మాట మాత్రం ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. తిరుగు ప్రయాణంలో ఆ మూడు బాణాలు ఇంకా చెరగలేదు. అత్తమ్మ వాటి పక్కనుంచి విమానం దాకా నడిచి, “తొవ్వ తప్పలే” అంది. అంతే. నేను కిటికీలోంచి మబ్బులు చూస్తూ లబాడ్ అన్న పేరు నాకెంత బాగా నప్పుతుందో చూసుకోసాగాను.

చాల్ మెట్ల మీద జనం సందు లేకుండా కూర్చున్నారు. మేస్త్రీ కాకా ముందు వరసకి దిగాడు. అత్తమ్మకి మంచినీళ్ళిచ్చారు. తాగి, మూతి తుడుచుకుంది.

“చెప్పు వదినె. పోరడు చెప్పింది నిజమా, అబద్ధమా?”

“అబద్ధమే” అంది అత్తమ్మ.

నేను మెట్ల కింద చెప్పులు వెతుక్కోసాగాను.

“సొరంగం ఒక్కటే అన్నడు. లెక్కపెడితే మూడున్నయి. నడిచే నేల అన్నడు గాని, అది ఎక్కుతది, దిగుతది అని చెప్పలే. సుద్దముక్క లేకపోతే మేమిప్పటికి గూడ ఆడనే ఉంటుంటిమి. పాపం, ఈల పట్టుకున్న సిపాయి, ఆడి మనిషే, వాడు గూడ తొవ్వ తప్పి నా బాణాలు చూసుకుంటనే బయటపడ్డడు. రొట్టెలుంటే వానికి రెండు పెట్టిన.”

నోరు తెరిచి వినేవాళ్ళలో అందరికన్నా పెద్ద నోరు నాదే. మేస్త్రీ కాకా రెండు చెవులూ పట్టుకుని పన్నెండు గుంజీలు తీశాడు, పదమూడోది అత్తమ్మ మాఫీ చేసింది.

జనం వెళ్ళాక, “ఎందుకట్ల చెప్పినవత్తా?” అని అడిగాను. రొట్టెల మూట విప్పుతూ, “గింతమంది కూసున్నరు. బడంత ఉన్నది, కుక్క పండుకున్నదంటే ఏం ఇని పోతరు? మూడు దినాల రొట్టెలు చేసినంక, కథ గూడ మూడు దినాలు రావాలె గదరా” అంది. ఆ పైన గొంతు తగ్గించి, “రేపటి సంది నా బిందె నువ్వే మొయ్యి, లబాడ్ అల్లుడా” అంది. మోశాను, చాలా ఏళ్ళు. ఎవరూ లేనప్పుడు ఆమె నన్ను ఆ పేరుతోనే పిలిచేది, మిగతా గల్లీకి అది ఎప్పటికీ తెలియలేదు.

మొన్న ఆ మనవరాలి పెళ్ళికి అదే ఊరు వెళ్ళాను. అత్తమ్మ పోయి ఆరేళ్ళు. ఎయిర్‌పోర్టు మాత్రం పెరిగి పెద్దదైంది. తలుపు తెరవగానే సొరంగం. సొరంగం దాటితే నడిచే నేల. (ఇది నిజం. ఈ ఒక్కటి నమ్మండి.) అద్దాలు, మలుపులు, మళ్ళీ అద్దాలు. ఒక మెట్లదారి దిగబోయి ఇంకోటి ఎక్కి, నేను దారి తప్పాను. వచ్చిన చోటికే రెండుసార్లు వచ్చాక, ఏం తోచక నేల మీద ఏమైనా ఉందేమోనని వంగి చూడసాగాను. తుడుస్తున్న అమ్మాయి ఆగి, “క్యా ఖో గయా, అంకుల్?” అని, ఏం పోగొట్టుకున్నానో అడిగింది.

“సుద్దముక్క” అన్నాను.