గీకేసిన ముఖం

సోమవారం మధ్యాహ్నం ఒక ఆఫీసు మేడ మీద ఏసీ బాగు చేస్తుండగా ఫోన్ వచ్చింది. జిద్దా పాతబస్తీ బలద్‌లో పటాలు కట్టే దుకాణంలో మా దస్తగిరి మాస్టారు కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయారట. పానా సంచిలో పడేసి మేడ దిగాను. మర్నాడు జిద్దాలోనే ఖననం చేశాం.

మాస్టారిది ప్రొద్దుటూరు. ఇరవై ఏళ్లకు పైగా ఆ దుకాణం వెనక గదిలో తైలవర్ణాలతో మనుషుల ముఖాలు చిత్రించారు. ఎవరైనా ఇఖామా, అంటే అక్కడి నివాస అనుమతి కార్డు, మీది ఫోటో తెచ్చి వేయమంటే ఒప్పుకునేవారు కాదు. "దీంట్లో నీడ యాడుంది? నీడ లేకపోతే ముక్కు ఎట్ల లేపేది? మనిషినే పిల్సుకోని రా" అనేవారు.

నేను పదో తరగతితో చదువు ఆపినా, మా ఊరి గ్రంథాలయంలో చిత్రకళ మీద ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. సెలవు రోజున ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెళ్లిన మొదటి శుక్రవారమే, కళ్లు తలకు సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయని ఆయనకే చెప్పాను. ఆయన బట్టతల నిమురుకుని, "బుక్కు రాసినాయన నా తల చూసినాడా అబ్బీ? ముందు నన్ను చూడు, తర్వాత కొలుద్దువులే" అన్నారు. ఎదురుగా కూర్చుని తన ముఖమే వేయమన్నారు.

ఆయన పద్ధతి కఠినమైనది. సాయంత్రానికి, రంగు ఆరకముందే, వేసిందంతా కత్తితో గీకేయాలి. "కాన్వాసు మీద ఉంటే ఏం లాభం? చేతిలో ఉండాల. గీకెయ్." ఏడాదిపాటు ప్రతి శుక్రవారం ఆ ముఖం వేశాను, గీకేశాను. విసుగొచ్చి ఒకసారి, "ఒక్కటన్నా ఉంచుకోనీయండి సార్" అంటే, "నేను యాడికి పోతా? వచ్చే జుమ్మాకు ఈ మొగమే తెస్తాలే" అని నవ్వారు.

చివరి శుక్రవారం నవ్వలేదు. అలసటగా కూర్చున్నారు. కింది పెదవి దగ్గర ఆ అలసట మొట్టమొదటిసారి నా కుంచెకు దొరికింది. చూపబోతే, "ఒళ్లు బాగలేదబ్బీ, వచ్చే వారం చూస్తా" అని గదికి వెళ్లిపోయారు. కాసేపు నేనే చూసుకున్నాను. తర్వాత, నేర్పిన ప్రకారం, గీకేశాను.

ఖననమైన రోజే ఆయన భార్య ఫోన్ చేశారు. "మా ఇంటాయన బొమ్మ వేస్తాండావంట కదా నాయనా. అందరికీ పటాలు కట్టినాడు గానీ, మా గోడకు ఆయన పటం ఒక్కటీ లేదు. అది పంపీ." గీకేశానని చెప్పలేకపోయాను. "పంపిస్తానమ్మా" అన్నాను.

నిన్న శుక్రవారం అదే కాన్వాసు ముందు కూర్చున్నాను. ఎదుట కుర్చీ ఖాళీ. ఫోటో ఏదీ పెట్టుకోలేదు. గీకిన చోట మిగిలిన మరకను పట్టుకుని, నుదుటి నుంచి పెదవి దాకా చెయ్యి ఎరిగినంత వేశాను. బాగుందో లేదో చెప్పగలిగిన కన్ను ఇక లేదు. సాయంత్రమైంది. అలవాటుగా కత్తి అందుకున్నాను. గీకెయ్ అనే గొంతు వినిపించలేదు.

కత్తి తుడిచి పక్కన పెట్టేశాను. మాస్టారూ, ఈ ఒక్కదాన్నీ ఆరనిస్తున్నాను.