ఇస్సాకు మామ ఎడమ కాలు

ఇస్సాకు మామకు కారు తోలడం నేర్పమని మిషను దొరసాని నాకు నాలుగు రోజులు గడువిచ్చింది. కంభం మిషను బంగళాలో ఇరవై ఏళ్లుగా ఆమె ఎద్దుల బండి తోలుతున్నది ఆయనే. 1936లో మద్రాసు నుంచి బంగళాకు కారు వచ్చింది. మామ నేర్చుకోకపోతే కర్నూలు నుంచి డ్రైవరు వస్తాడు. మామా, కరుణమ్మత్తా కాంపౌండులో ఇల్లు ఖాళీ చేయాలి. మార్కాపురం బస్సు తోలే నేను సెలవు పెట్టి మరీ ఈ తలనొప్పి నెత్తికెత్తుకున్నాను.

చెప్పాల్సిందంతా చెప్పాను. క్లచ్చి తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగుతుంది, అప్పుడే గేరు మార్చాలి. మెల్లగా కాలు వదిలితే రెండూ మళ్లీ కలుస్తాయి. మిట్టకు చిన్న గేరు, చదునుకు పెద్ద గేరు. రెండో రోజుకే గేర్లు వచ్చేశాయి, ఒప్పుకోవాలి. కానీ ఆ ఎడమ కాలు! ఎద్దుల మధ్యకు పోయే బండి నొగ కర్ర మీద పాదం ఆనించి కూర్చునే అలవాటు ఆయనది. గేరు పడ్డాక కూడా క్లచ్చి మీద పాదం అట్లాగే వాల్చేవాడు. ఇంజను గోలపెట్టేది, కారు ఊపందుకునేది కాదు, పైగా కాలిన వాసన. తీయమంటే తీసేవాడు. ఫర్లాంగు పోకముందే పాదం మళ్లీ అక్కడే. అరిచి అరిచి నా గొంతు పోయింది.

"కాలు నా మాట ఇనదు అల్లుడా," అన్నాడు, తప్పంతా కాలిదే అయినట్టు.

నాలుగో రోజు విసుగెత్తి, గేరు పడగానే ఆ కాలు మడిచి తొడ కింద పెట్టుకోమన్నాను. కారు సాఫీగా పోయింది.

పరీక్ష రోజు దొరసాని వెనక కూర్చుంది, నేను మామ పక్కన. అర్ధవీడు దారి పట్టాం. భోజనానికి కూర్చున్నట్టు కాలు మడిచిన డ్రైవరును చూసి ఆమె ముఖం చిట్లించింది, మర్యాదగా దించమంది. ఆమె మాటకు ఆయన ఏనాడూ ఎదురు చెప్పి ఎరగడు. దించాడు. పాదం పోయి క్లచ్చి మీద వాలింది. వాగు దాటి మిట్ట ఎక్కుతుండగా ఇంజను అరిచింది, వాసన కొట్టింది, కారు ఆగింది. ఆమె కర్నూలు డ్రైవరు మాటెత్తింది. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

మామ బ్రేకు బిగించి వెనక్కి తిరిగాడు.

"అమ్మగారూ, కాలు దించితే కారు పోదు. రేపట్నుంచి పనిలోకి రావద్దంటే రాను. ఈ పొద్దు మాత్రం మడుచుకునే తోల్తా."

ఆయన ఒకటో గేరు వేసి, కాలు మడుచుకుని మిట్ట ఎక్కించాడు. ఒక్క గేరూ తప్పలేదు. అర్ధవీడులో దిగుతూ ఆమె, సోమవారం గిద్దలూరు పోవాలి, ఆరింటికి కారు తెమ్మని ఆయనతోనే చెప్పింది.

మామ తలూపాడు. ఆమె కనుమరుగయ్యాక స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. నాలుగు రోజులు నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి, ఆయన వైపు చూడలేకపోయాను.