బ్యాంకాక్ కాలువలో లాకులు

నాన్నగారు పోయిన ఏడాదికి, బతిమాలి అమ్మని తణుకు నుంచి బ్యాంకాక్ తీసుకెళ్లాను. రెండు రోజులు గుళ్లూ మ్యూజియాలూ తిప్పినా ఆవిడ ఊఁ, ఆఁ తప్ప మాట్లాడలేదు. మూడోరోజు కాలువలో పడవెక్కాం. నడిపేది అరవై దాటిన ఒకావిడ. కాసేపటికి ఎదురుగా పెద్ద ఇనుప తలుపులు మూసి ఉండటంతో పడవ ఆగింది. ఏమైందోనని కంగారుపడ్డాను.

"లాకులే!" అంది అమ్మ. "నీళ్లు రెండువైపులా సమానమయ్యేదాకా తియ్యరు. పెళ్లయిన కొత్తలో మా పుట్టింటికి లాంచీలోనే వెళ్లేవాళ్లం. లాకుల దగ్గర ఆగినప్పుడల్లా మీ నాన్నగారు దిగి జాంకాయలు కొనుక్కొచ్చేవారు."

ఏడాదిగా అమ్మ అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. పడవావిడకి భాష తెలియకపోయినా నవ్వి, తన క్యారేజీలోంచి అరిటాకులో చుట్టిన తీపి అన్నం రెండు చేతులతో అందించింది. అమ్మ సగం తుంచి ఆవిడకే ఇచ్చింది.

"మీరూ తినండమ్మా" అంది తెలుగులోనే.

అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా పడవావిడ తినలేదు. పెద్దవాళ్లు ముందు తినాలన్నది అక్కడి మర్యాదని తర్వాత తెలిసింది.

తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత పెద్ద గుడి ఉందని చెప్పాను.

"గుడికి రేపు వెళ్దాంలే. ఇంకా లాకులున్నాయేమో అడగవే" అంది అమ్మ.