మోటారు షాపులో నాకు దొరికిన విడుదల

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు ఇలా మైకు పట్టుకుని మీ ముందు నిలబడ్డానంటే అది నా గొప్ప కాదండి, దేవునికే మహిమ! నా పేరు ప్రసాదు. ఇది నా అసలు పేరే. ఎందుకు చెప్తున్నానంటే, ఒకప్పుడు అమలాపురం బస్టాండులో నాకు మూడు పేర్లుండేవి, టీ కొట్టాయనకి ఒకటి, కండక్టర్లకి ఒకటి, పోలీసులకి ఇంకొకటి.

మాది రాజోలు దగ్గర పల్లె. అమ్మ పోయింది, నాన్న గల్ఫ్ వెళ్లి అక్కడే వేరే కాపురం పెట్టుకున్నాడు, బాబాయి గారింట్లో ఉంటే ఏ వస్తువు కనబడకపోయినా నేనే తీశానన్నారు, ఆ మాట పడలేక పదిహేడో ఏట కట్టుబట్టలతో బయటికొచ్చేసి రెండేళ్లు బస్టాండులోనే పడుకున్నాను. ఒళ్లంతా గజ్జి, కడుపులో ఆకలి. తాగుడు లేదు, గంజాయి లేదు, కానీ వాటికంటే గట్టి వ్యసనం ఒకటి నన్ను పట్టుకుంది, అదే అబద్ధం! ఇల్లు లేదంటే జనం మొహాలు మారిపోతాయి కదండీ, అందుకని అమ్మ ఆసుపత్రిలో ఉందనీ, బస్సు తప్పిపోయిందనీ నోటికొచ్చింది చెప్పేసేవాణ్ణి, చివరికి అవసరం లేకపోయినా అబద్ధమే వచ్చేసేది.

అలాంటి నన్ను కరుణమ్మ గారు చేరదీసేరు. ఆవిడ మోటారు వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లకి రాగి తీగ మళ్లీ చుట్టిచ్చే షాపు నడుపుతారు. భర్త పోయేక, ఆడమనిషికి ఈ పనేంటన్నవాళ్ల నోళ్లు మూయించి, షాపు మేడమీద గదిలో నాలాంటి ఇల్లు లేని నలుగురికి చోటిచ్చి పని నేర్పుతున్నారు. ఎంత ఓపికండీ ఆవిడకి! ముందు నా గజ్జికి మందు రాయించేరు, నిద్రలో కేకలు పెడుతున్నానని పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు గారికి చూపించేరు, ఆ తర్వాతే రాగి తీగ చేతికిచ్చేరు. వారానికొకరం షాపుకి పెద్ద. ఆ వారం ఫోన్లెత్తడం, పనులు పంచడం, రైతులతో మాట్లాడ్డం అన్నీ మనమే, ఆవిడ కూడా వచ్చి "ఏవండీ పెద్దగారూ, నాకేం పని?" అని అడిగేవారు. నన్ను గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

అయినా నా నోరు మారలేదు. వైండింగంటే చుట్లు లెక్కపెట్టడమేనండి, ఒక్కో కాయిల్‌కి ఇన్ని చుట్లని ఉంటుంది, తక్కువైతే మోటారు వేడెక్కి కాలిపోతుంది. ఒకసారి ఉప్పలగుప్తం రొయ్యల రైతు మోటారు నాకిచ్చేరు. కబుర్లలో పడి లెక్క తప్పేను. విప్పి మళ్లీ చుట్టాలి, బద్ధకించేను. "పరీక్ష చేసేవా?" అని ఆవిడ అడిగితే "ఆయ్, చేసేనండి" అనేసేను. మర్నాడు మధ్యాహ్నం రైతు గారు దాన్ని పట్టుకెళ్లిపోయేరు.

అంతలో మబ్బు కమ్మేసింది. మబ్బు పడితే చెరువులో రొయ్యకి గాలి చాలదు, నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగకూడదు, ఆగితే పంటంతా చచ్చి తేలిపోతుంది. నేను చుట్టింది ఆ ఏరియేటరు మోటారే! చెప్తే పని పోతుంది, గది పోతుంది, మళ్లీ బస్టాండే గతి. చెప్పకపోతే ఒక కుటుంబం పంట పోతుంది, కానీ నా తప్పని ఎవరికీ తెలీదు, కరెంటు మీదకి తోసెయ్యొచ్చు. ఆ అబద్ధం అప్పటికే నా నోట్లో తయారుగా ఉంది, సహోదరులారా!

మేడమెట్ల మీద కూలబడి ఏడ్చేను. "యేసయ్యా, నాకు నిజం చెప్పడం చేతకాదు. చెప్తే నాకు ఇల్లుండదు. అయినా చెప్పాలనుంది. ఈ మెట్లు దిగేదాకా నన్ను పట్టుకో తండ్రీ" అని ప్రార్థన చేసేను. లేచి మెట్లు దిగేను. "అమ్మగారూ, ఆ మోటారు చుట్లు లెక్క తప్పేనండి, పరీక్ష కూడా చెయ్యలేదు" అన్నాను. హల్లెలూయ! ఈ నోటినుంచి నిజం వచ్చిందంటే అది నా బలమా? ముమ్మాటికీ కాదు, ప్రభువే!

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టేసేరు. వెంటనే రైతు గారికి ఫోన్ చేసి "ఆ మోటారు వెయ్యకండి, తప్పు మాదే, ఇంకోటి తెస్తున్నాం" అన్నారు. మాదే అన్నారండీ, ప్రసాదుది అనలేదు! మంచి మోటారొకటి ఆటోలో వేయించి నన్నూ ఎక్కించేరు. చెరువుగట్టు మీద రైతు గారికి జరిగింది నా నోటితోనే చెప్పించేరు. ఆయన తిట్టేరు, తిట్టాలి కదా మరి. మోటారు బిగించి నీళ్లు చిలకడం మొదలయ్యేక మాత్రం "ముందే చెప్పేవు గనక బతికేం అబ్బాయ్" అన్నారు.

తిరిగొచ్చి నా బట్టలు సంచిలో సర్దుకుంటుంటే కరుణమ్మ గారు గుమ్మంలోకొచ్చి "ఎక్కడికి బాబూ? రేపట్నుంచి బయటికెళ్లే ప్రతి మోటారూ నువ్వే పరీక్ష చెయ్యాలి. తప్పు ఎక్కడ దాక్కుంటుందో నీకు తెలుసు కదా" అన్నారు. అబద్ధాలకోరుని నమ్మి షాపు పేరంతా చేతిలో పెట్టిన ఆ తల్లి పేరు రోజూ నా ప్రార్థనలో ఉంటుందండి. నాలుగేళ్లయ్యింది, ఆ పని నా దగ్గరే ఉంది, దేవునికి స్తోత్రం!

ప్రియమైనవారలారా, చెప్పాల్సిన మాట ఒకటి మీ గొంతులో ఎన్నాళ్లుగానో ఆగిపోయి ఉందేమో, చెప్తే ఎవరూ మొహం చూడరని భయపడుతున్నారేమో, ముందు నా ప్రభువుతో చెప్పండి, ఆయన మిమ్మల్ని గెంటెయ్యడు. నిజం చెప్తే ఇల్లు పోతుందనుకున్నానండీ నేను. చెప్పిన రోజునే నాకు ఇల్లు దొరికింది. ఆమేన్!